సినిమాలో మాటలు వినపడట్లేదు, మ్యూజిక్ మాత్రం దంచేస్తోంది

పాటలపిచ్చి: విండోస్ ల్యాప్‌టాప్‌కి రెండు స్పీకర్లు తగిలించా. పాటలు బానే ఉన్నాయి కానీ సినిమా పెడితే ఫైట్లు, మ్యూజిక్ చెవులు చిల్లులు పడేలా వస్తున్నాయి, మాటలేమో ఎవరో పక్క గదిలో గొణుక్కుంటున్నట్టు ఉన్నాయి. సినిమా అంతా వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడమే సరిపోతోంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్

నాదం: ఆ ఫైల్లో 5.1 ఆడియో, అంటే ఆరు స్పీకర్లకి విడివిడిగా పంపే సౌండ్, ఉండుంటుందండి. అందులో మాటలు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లోనే, అంటే మధ్య స్పీకర్‌కి వెళ్లే భాగంలోనే పెడతారు. మీ దగ్గర ఉన్నవి రెండే, విండోస్ మాత్రం ఆరు ఉన్నాయనుకుంటే ఆ మాటలు లేని స్పీకర్‌కి పోతాయి, మీకు మిగిలేది వాటి వెనకాల మ్యూజిక్కే. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో ప్లేబ్యాక్ ట్యాబ్, మీ స్పీకర్ సెలెక్ట్ చేసి కాన్ఫిగర్ నొక్కండి, స్టీరియో పెట్టండి

పాటలపిచ్చి: నిజమే, 5.1 అనే ఉంది!! మార్చగానే మాటలు ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. చాలా థాంక్స్ అండి. రాత్రిపూట వాల్యూమ్ తగ్గిస్తే మాత్రం ఇంకా కొంచెం లోపలికే ఉన్నాయి

రాత్రిబండి: దానికి లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్ చెయ్యి బ్రో, చిన్న శబ్దాల్ని పెంచి పెద్దవాటికి దగ్గరగా తెస్తుంది, అక్కడే ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ కింద ఉంటుంది, కొన్ని సౌండ్ డ్రైవర్లలో (సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండదు. పాటలు వినేటప్పుడు మాత్రం తప్పకుండా తీసెయ్, తీగ మీటాక మెల్లగా సన్నబడిపోవాల్సిన నాదాన్ని కూడా పైకి లాగేస్తుంది, ఆ పాట ప్రాణం అందులోనే ఉంటుంది కదా

నాదం: అదే ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో శాంపిల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) గురించి కూడా చాలామంది కంగారు పడతారు. సీడీ పాటలు 44.1 కిలోహెర్ట్జ్, వీడియోలు ఎక్కువగా 48. ఏది పెట్టినా రెండోదాన్ని విండోసే మార్చుకుంటుంది, నాకైతే తేడా ఎప్పుడూ వినపడలేదు, 48 పెట్టి వదిలేశా

చెవులజోడు: నాది బ్లూటూత్ హెడ్‌సెట్. మీటింగ్‌లో ఉండగా పాట పెడితే పాత టెలిఫోన్‌లో విన్నట్టు అయిపోయేది, హెడ్‌సెట్ పాడైందనే అనుకున్నా. దాని మైక్ వాడగానే స్టీరియో పోయి హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి, అంటే ఫోన్ కాల్స్ కోసం ఉన్న తక్కువ క్వాలిటీ సౌండ్‌కి దిగిపోతుందట. మీటింగ్ యాప్‌లో మైక్‌ని ల్యాప్‌టాప్‌దే పెట్టా, అప్పట్నుంచి ఆ గోల లేదు

పాటలపిచ్చి: బ్లూటూత్ అంటే గుర్తొచ్చింది, నాకు ఇయర్‌ఫోన్స్‌లో పెదాలు కదిలాక మాట వస్తోంది

రాత్రిబండి: వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమా చూస్తుంటే కీబోర్డులో జే నొక్కు, ఒక్కో నొక్కుకి ఆడియో 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, ఎక్కువైతే కే నొక్కి వెనక్కి తెచ్చుకో

పాటలపిచ్చి: నాలుగు సార్లు నొక్కా, మైనస్ 200 దగ్గర పెదాలూ మాటా కలిశాయి. ఇప్పుడు మొదట్నుంచి మళ్లీ చూస్తున్నా