ఒకే చుట్ట, ఒకరికే పుండు: ‘విషహరణ జన్యువుల’ పరీక్ష చేయించుకోవాలా?

గోపాల్‌పూర్‌తీరం:
ఒడిశాలోని గంజాం తీరపల్లెల్లో, పక్కనే శ్రీకాకుళంలో అడ్డ పొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చే అలవాటు, పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు కాల్చిన ఇద్దరిలో ఒకరికే అంగిట్లో పుండు పడుతుంది. విషాలను విరిచే ఎంజైములు పుట్టుకతోనే మనిషికో తీరుగా ఉంటాయి కాబట్టి ముందే జన్యు పరీక్ష చేయించుకోవడం మేలని కొందరంటున్నారు. తెలిసినవాళ్లు తేల్చండి.

కిమిడి_మాస్టారు:
చేయించుకోవాలనే అంటాను. పొగలోని బెంజోపైరీన్ నేరుగా డీఎన్‌ఏకు అంటుకోదు. ముందు సీవైపీ1ఏ1 లాంటి ఎంజైములు దాన్ని కరిగించే ప్రయత్నంలో మరింత చురుకైన రూపానికి మారుస్తాయి. ఆ రూపమే ప్రమాదం. తర్వాత జీఎస్‌టీఎం1 అనే ఎంజైము దానికి కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి బయటికి పంపుతుంది. మొదటి మెట్టు చురుగ్గా, రెండోది మందంగా ఉన్నవాళ్లలో విషం మధ్యలో పోగుపడుతుంది. యూరప్‌లో సగం మందికి దాన్ని తయారుచేసే జీఎస్‌టీఎం1 జన్యువు పూర్తిగా లేదు. మనలో అంతమందికి కాకపోయినా, లేనివాళ్లు తక్కువేమీ కాదు. ఇంత తెలిశాక చూడకుండా వదిలేయడమెందుకు?

జయపురం_చెట్టు:
మాస్టారూ, మీరు చెప్పిన రసాయనం నిజమే. తేడా ఎంత అన్నదే అసలు ప్రశ్న. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ మూత్రాశయ క్యాన్సర్ అధ్యయనం, దాంతో కలిపిన పాత అధ్యయనాలు చూడండి. జీఎస్‌టీఎం1 లేనివాళ్లకు ముప్పు సుమారు 1.5 రెట్లు, ఎన్‌ఏటీ2 అనే మరో విషహరణ ఎంజైము నెమ్మదిగా పనిచేసేవాళ్లకు 1.4 రెట్లు. ఈ రంగంలో బాగా నిలబడ్డ ఫలితం ఇదే. దీన్ని పొగతోనే పోల్చండి: పొగ తాగడమే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును 15 నుంచి 30 రెట్లు పెంచుతుంది. నోటి క్యాన్సర్ మీద మన దేశపు అధ్యయనాలు చాలావరకు చిన్నవి, ఫలితాలు ఒకదానికొకటి కుదరవు.

ఇంకొకటి. ఒకే జన్యువు ఒక విషానికి కాపలా, మరో విషానికి కాదు. అద్దకపు రంగుల పరిశ్రమలో వాడిన బెంజిడీన్ విషయంలో, చైనా కార్మికుల్లో చూస్తే నెమ్మదైన ఎన్‌ఏటీ2 వల్ల ముప్పు పెరగలేదు. మన వైపు పళ్లకు రుద్దే పొగాకు ముద్ద గుడాకు, ఖైనీ సంగతి కూడా అంతే. కాల్చని పొగాకులో ప్రధాన విషాలు నైట్రోసమైన్లు. వాటిలో ఒకటైన ఎన్‌ఎన్‌కేను వదిలించే దారిలో ముఖ్యమైనవి యూజీటీ ఎంజైములు, జీఎస్‌టీఎం1 కాదు. గుడాకు రుద్దేవారికి జీఎస్‌టీఎం1 పరీక్ష చేయడమంటే వేరే ఇంటి తాళంచెవి తెచ్చినట్టే. అడ్డ పొగలో నిప్పు వేడి నేరుగా అంగిలిని కాలుస్తుంది, దాన్ని ఏ ఎంజైమూ విరవలేదు.

నాగావళి_ల్యాబ్:
పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, దాంతో దాని బలం మీకే తెలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ గొట్టంలో 2 మి.లీ. రక్తం చాలు. డీఎన్‌ఏ ముక్కలకు నకళ్లు తీసే పీసీఆర్‌లో ఒకేసారి జీఎస్‌టీఎం1, అదే కుటుంబపు జీఎస్‌టీటీ1, వాటితో పాటు అందరికీ ఉండే ఆల్బుమిన్ జన్యువు, మూడింటినీ పెంచి, జెల్ మీద పొడవును బట్టి విడదీసి పట్టీలుగా చూస్తారు. జీఎస్‌టీఎం1 పట్టీ సుమారు 215 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవు కొలత) దగ్గర, ఆల్బుమిన్‌ది 350 దగ్గర, జీఎస్‌టీటీ1ది 480 దగ్గర కనిపించాలి. పట్టీ రాకపోతే ‘జన్యువు లేదు’ అని రాస్తారు. చిక్కు ఇక్కడే. డీఎన్‌ఏ పాడైనా, పీసీఆర్ ఆగిపోయినా పట్టీ రాదు. ఆల్బుమిన్ పట్టీ కూడా లేకపోతే ఆ ఫలితాన్ని పారేసి మళ్లీ చేయాలి. పట్టీ వచ్చినా, జన్యువు ఒక ప్రతే ఉందా రెండా అన్నది ఈ పద్ధతిలో తేలదు. నివేదికలో ఆల్బుమిన్ మాట లేకుండా ‘నల్’ (జన్యువు లేదు) అని మాత్రమే ఉంటే ఆ కాగితాన్ని నమ్మకండి.

కిమిడి_మాస్టారు:
జన్యు తేడాలు వట్టివేనంటే ఒప్పుకోను. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్‌ను ఎన్‌ఏటీ2 నెమ్మదిగా ఉన్నవాళ్లు ఆలస్యంగా వదిలించుకుంటారు, కాలేయానికి దెబ్బ తగిలే ముప్పు వాళ్లకే ఎక్కువ. మన దేశంలో సగానికి పైగా జనం ఈ కోవే. అదీకాక, ముప్పు కాగితం మీద కనిపిస్తే మనిషి చుట్ట మానతాడు కదా?

జయపురం_చెట్టు:
మందు మోతాదు వేరు మాస్టారూ. అక్కడ ఏ రసాయనమో, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్ని నెలలో అన్నీ తెలుసు. మానతాడన్న ఆశనూ పరీక్షించారు. జన్యు ముప్పు చెప్పినంత మాత్రాన పొగతాగడం గానీ తిండి గానీ చెప్పుకోదగ్గంతగా మారలేదని 18 అధ్యయనాలు కలిపి చూసిన సమీక్ష 2016లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. నా భయం ‘జన్యువు ఉంది’ అని కాగితం అందుకున్నవాళ్ల గురించి. వాళ్లు దాన్ని అనుమతిపత్రంలా దాచుకుంటారు.

నాగావళి_ల్యాబ్:
ఆ డబ్బుతో నోరు చూపించుకోండి. తిరువనంతపురం ప్రయోగంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మూడేళ్లకోసారి నోరు చూస్తే, పొగాకు లేదా మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రచురించారు. ఇంట్లో అయితే నెలకోసారి: కట్టుడు పళ్లు తీసి, నోరు పుక్కిలించి, టార్చి వెలుగులో అంగిలి, బుగ్గల లోపలి వైపు, నాలుక అంచులు, నాలుక కింద చూడాలి. అడ్డ పొగ తాగేవారిలో అంగిలి బూడిదరంగులో మందంగా మారి, మధ్యమధ్య ఎర్రచుక్కలు కనిపిస్తాయి. శ్రీకాకుళంలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు పరిశీలించి 1971లోనే ఈ మార్పులను ప్రచురించారు. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు, వీటిలో ఏదైనా రెండు వారాలు దాటితే మందు పూస్తూ కూర్చోవద్దు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రిలో గానీ దగ్గరలోని దంతవైద్యుడి దగ్గర గానీ చూపించి, అవసరమంటే చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపాలి.

కిమిడి_మాస్టారు:
అంగిలి ముందు, జెల్ తర్వాత. అంతవరకు మీతోనే ఉన్నాను. కానీ పరిశోధన కోసం రక్తం ఇచ్చే శిబిరం వస్తే మన పల్లెలు దూరంగా ఉండకూడదు. అడ్డ పొగ తాగేవాళ్ల జన్యువుల మీద పెద్ద అధ్యయనం జరగాలంటే ఆ మనుషులు మన వైపే కదా ఉన్నది.