హీలియోస్ 44-2తో మందారం స్టాకింగ్: కేసరాల చుట్టూ మసక అంచు, మధ్యలో తెల్ల మచ్చ

కెమెరా ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) మిర్రర్‌లెస్. హీలియోస్ 44-2 (పాత సోవియట్ లెన్స్, 58 మి.మీ.), ఎం42 అడాప్టర్ (పాత మర లెన్సుని కెమెరాకి తగిలించేది), 28 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (దగ్గరి ఫోకస్ కోసం లెన్సుని కెమెరాకి దూరం చేసే ఖాళీ గొట్టం). పువ్వు ఒంటిరెక్క ఎర్ర మందారం, ఎఫ్/5.6. కేసరాల నుంచి రెక్కల దాకా స్టాక్ చేస్తే (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన షాట్లని ఒకే ఫోటోగా కలిపితే) పరాగకోశాల చుట్టూ మసక అంచు వస్తోంది. ఫ్రేమ్ మధ్యలో తెల్లటి మచ్చ కూడా ఉంది. ఎన్ని షాట్లు తీయాలి? ఫోకస్ రింగ్ తిప్పాలా, రైలు (కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే పట్టా) వాడాలా?

— మాక్రోమందారం

ఈ ట్యూబ్‌తో ఇన్ఫినిటీ దగ్గరే దాదాపు 0.5x (సెన్సార్ మీద పువ్వు అసలు సైజులో సగం) వస్తుంది. ఎఫ్/5.6లో ఒక్కో ఫ్రేమ్‌కి స్పష్టత సుమారు 1.3 మి.మీ. మాత్రమే. 0.9 మి.మీ.కి ఒకటి చొప్పున తీస్తే 25 మి.మీ. లోతుకి 30 షాట్లు చాలు.

1x లోపల రింగే మేలండి. రైలు జరిపితే లెన్స్ చూసే చోటే మారిపోయి, ముందున్న కేసరం వెనక రెక్క మీద పక్కకి జరిగినట్టు పడుతుంది. రింగ్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, మొదటి ఫోకస్‌కీ చివరి ఫోకస్‌కీ గుర్తులు పెట్టి, మధ్యలో సమాన గీతలు గీయండి. గ్రీజు గట్టిపడ్డ లెన్సయితే తిప్పగానే ట్రైపాడ్ వణుకుతుంది. ప్రతి షాట్‌కీ 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

— రైలుపట్టాలు

తెల్ల మచ్చకి కారణం చాలాసార్లు ట్యూబ్ లోపలి మెరుపు. నల్ల వెల్వెట్ కాగితం చుట్టి లోపల అతికించండి, మరలు మాత్రం వదిలేయండి. 44-2లో ఎపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) తెరిచి మూసే రింగ్ ఫోకస్ రింగ్‌కి దగ్గర్లోనే ఉంటుంది. వేలు తగిలి కదిలితే సగం స్టాక్ ఒక ఎక్స్‌పోజర్‌లో, మిగతా సగం ఇంకో ఎక్స్‌పోజర్‌లో వస్తుంది. దాన్నీ టేపుతో బిగించండి. వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ మాన్యువల్. ఫ్యాన్ ఆపేయాలని వేరే చెప్పక్కర్లేదు.

— పాతగాజు

మసక అంచు సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. రెక్క మీద ఫోకస్ చేసినప్పుడు ముందున్న పరాగకోశం ఉబ్బి, దాని చుట్టూ ఉన్న రెక్కని కప్పేస్తుంది. ఆ పట్టీ ఏ ఫ్రేమ్‌లోనూ శుభ్రంగా లేదు కాబట్టి తెచ్చి పెట్టడానికి ఏమీ ఉండదు. కీలాగ్రాల నుంచి కేసరాల గొట్టం వరకే స్టాక్ చేసి రెక్కల ఫ్రేములు తీసేయండి. రెక్కలు మెత్తగా మసకబారడమే ఈ లెన్స్ అందం, దాన్ని చెరిపేస్తే కొత్త మాక్రో లెన్స్‌కీ దీనికీ తేడా ఏముంది?

జెరీన్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులున్నాయి: కేసరాలకి పీమ్యాక్స్, రెక్కల రంగుకి డీమ్యాప్ చేసి, రెండోదాని మీద మొదటిదాన్ని రీటచ్ చేయండి. పీమ్యాక్స్ ఒక్కటే వాడితే నున్నటి ఎరుపులో నాయిస్ (గరుకు చుక్కలు) పేరుకుంటుంది.

— పొరమీదపొర

ఉచితంగా ఏదైనా ఉందా?

— మాక్రోమందారం

హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే అలైన్-ఇమేజ్-స్టాక్ (ఫ్రేములని ఒకదానిమీద ఒకటి సరిపెట్టేది), తర్వాత ఎన్‌ఫ్యూజ్ (వాటిని కలిపేది). అలైన్‌లో ఎం ఆప్షన్ మరవద్దు, రింగ్ తిప్పినప్పుడు మారే సైజుని సరిచేసేది అదే. ఎన్‌ఫ్యూజ్‌లో ఎక్స్‌పోజర్, సాచురేషన్ వెయిట్లు 0, కాంట్రాస్ట్ 1, హార్డ్ మాస్క్ ఆన్. రీటచ్ మాత్రం గింప్‌లో లేయర్ మాస్కుతో చేతితోనే చేసుకోవాలి.

— పొరమీదపొర