దేవనహళ్లి (బెంగళూరు) ఎయిర్‌పోర్టు పెరుగుతోంది, కొడికొండ దగ్గర భూమి అమ్మాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చిలమత్తూరు రైతుబిడ్డ:
కర్ణాటక సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మాకు కాస్త మెట్ట భూమి ఉంది, వానపడితే వేరుశనగ. ఒక బ్రోకరు వచ్చి ఇప్పుడే అమ్మేయండి అంటాడు, ఇంకొకాయన వచ్చి అమ్మొద్దు, కలిసి వెంచర్ (ప్లాట్ల లేఅవుట్) వేద్దాం, ఎయిర్‌పోర్టు గంట దూరమే కదా అంటాడు. నాన్నకు ఒకటే టెన్షన్. దేవనహళ్లిలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

కార్గో షిఫ్టు, అనంతపురం:
తమ్ముడూ, నేను ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తూ దేవనహళ్లిలోనే ఉంటున్నా. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచే నాటికి ఇది కోట, పాత బజారు, చుట్టూ ద్రాక్షతోటలు, పంపరపనస చెట్లు ఉన్న చిన్న టౌను అని మా ఓనరు చెప్తాడు. 2019 డిసెంబరులో రెండో రన్‌వే, 2022 నవంబరులో రెండో టెర్మినల్ వచ్చాయి. జనం పెరిగారు, అద్దెలూ పెరిగాయి. మా ఓనరు ద్రాక్ష పందిళ్లు పీకేసి వరుసగా సింగిల్ రూములు కట్టాడు, అన్నిట్లో మనలాంటి షిఫ్టు పిల్లలే, సగం మంది తెలుగువాళ్లు. ఆదాయం బాగానే ఉంది కానీ తోటను తడిపిన బోరు ఇప్పుడు రూములకు చాలట్లేదు, ఎండాకాలమంతా ట్యాంకరు నీళ్లే. రేటు గురించి అందరూ చెప్తారు, నీళ్ల గురించి ఎవరూ చెప్పరు.

హిందూపురం అక్క:
మా చిన్నత్తవాళ్లది దేవనహళ్లి వైపే. ముందుగా మొత్తం అమ్మినవాళ్ల డబ్బు ఇల్లు, కారు, పెళ్లిళ్లకు పోయింది. రోడ్డు పక్క ముక్క ఉంచుకున్నవాళ్లు హోటలో, టైర్ల షాపో పెట్టుకుని నిలదొక్కుకున్నారు. చన్నరాయపట్న వైపు రైతులైతే 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకు ఇవ్వబోమని మూడేళ్లకు పైగా పోరాడారు, 2025 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఆ సేకరణ మానుకుంది. పండే భూమి విలువ వాళ్లకు తెలుసు కాబట్టే అంత పట్టుబట్టారు.

ఓర్వకల్లు:
ఎయిర్‌పోర్టు అనగానే దేవనహళ్లి అయిపోదన్నా. మా కర్నూలు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది, ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం) కింద నడిచే కొద్ది విమానాలే. రేట్లు మాత్రం ముందే ఎగిరాయి. అప్పట్లో ప్లాట్లు కొన్నవాళ్లవి కొన్ని ఇప్పటికీ నంబరు రాళ్లు, కంపచెట్లే. 2024 ఆగస్టులో కేంద్రం ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు ఆమోదం ఇచ్చింది, ఫ్యాక్టరీలు వస్తే ఊరు మారుతుందని మాకూ ఆశ ఉంది. కానీ బ్రోచర్‌లో విమానం బొమ్మ చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు.

డాక్యుమెంట్ రైటర్, కదిరి:
ముందు 1బి (ఎవరి పేరున ఉందో చెప్పే భూమి రికార్డు), అడంగల్ (సాగు వివరాలు), ఈసీ (పాత అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయించండి, సర్వే నంబరు 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) లేదని చూసుకోండి. వెంచర్ అన్నాయన్ని లేఅవుట్ ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) అడగండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అంటే దాంట్లోనే జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం) కలిపి రాయించుకుంటారు, మీ వాటాకు ఏ ప్లాట్లో నంబర్లతో సహా రాయకుండా నాన్నగారిని సంతకం పెట్టనివ్వద్దు. ఇక్కడే ఎక్కువ మంది చెడిపోయారు.

చిలమత్తూరు రైతుబిడ్డ:
అందరికీ థ్యాంక్స్. నాన్నకు మొత్తం చదివి వినిపించా. ఎల్పీ నంబరు అడిగినప్పటి నుంచి వెంచర్ ఆయన ఫోన్ ఎత్తట్లేదు. రోడ్డు పక్కది అమ్మకూడదని అనుకున్నాం, మిగతాది కాగితాలు చూశాకే. కార్గో అన్నా, మా తమ్ముడు డిగ్రీ అయిపోయి ఉన్నాడు, ఎయిర్‌పోర్టులో పని దొరికితే ఇంటి నుంచి రోజూ వచ్చిపోవచ్చా?

కార్గో షిఫ్టు, అనంతపురం:
పగటి షిఫ్టయితే కష్టపడి రావచ్చు. తెల్లవారుజాము షిఫ్టుకు కుదరదు, రూము తీసుకోవాల్సిందే. నాకు మెసేజ్ పెట్టమను, మా రూములో ఒక మంచం ఖాళీగా ఉంది.