క్యాలిబ్రేషన్ అంటే అన్నిచోట్లా ‘క్రమాంకనం’ సరిపోతుందా?

ఎంఆర్ఐ పనిచేసే తీరు మీద ఒక పాఠం తెలుగులో రాస్తున్నాను. ‘ఆర్ఎఫ్ పల్స్ క్యాలిబ్రేషన్’ దగ్గర, అంటే ఒంట్లోకి పంపే రేడియో తరంగాల పల్సును సరిచూసుకోవడం దగ్గర ఆగిపోయాను. ‘పల్సు క్రమాంకనం’ అంటే పిల్లలకు ఏమైనా తెలుస్తుందా? ‘శ్రుతి చేయడం’ అంటే ఎలా ఉంటుంది?

— క్రమాంకనంలో ఉన్నది అంకనం, అంటే గీతలు పెట్టడం. థర్మామీటరుకైతే చక్కగా నప్పుతుంది. ఎంఆర్ఐలో గీసి ఉంచుకునేదేమీ లేదు. మనిషి బల్లమీద పడుకున్నాక, స్కాన్‌కు ముందు, ప్రతిసారీ కొత్తగా చూసుకోవాల్సిందే.

శ్రుతి సగం పనికే సరిపోతుంది. ప్రోటాన్లు, అంటే ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలు, స్పందించే ఫ్రీక్వెన్సీ టెస్లాకు (అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) 42.58 మెగాహెర్ట్జ్, 1.5 టెస్లా మెషిన్లో దాదాపు 63.9. పల్సును దానితో కలపడం శ్రుతే, కాదనను. కానీ మీరడిగింది పల్సు ఎంత గట్టిగా కొట్టాలన్న సంగతి. ప్రోటాన్ల అయస్కాంతత్వాన్ని సరిగ్గా 90 డిగ్రీలు పడగొట్టాలంటే, ఒక మిల్లీసెకను నిడివి గల సాదా పల్సుకు సుమారు 5.9 మైక్రోటెస్లాల క్షేత్రం కావాలి. భూమి అయస్కాంత క్షేత్రం కన్నా చిన్నదే! అయితే ఆ క్షేత్రం పుట్టడానికి కాయిల్‌కు (పల్సును పంపే తీగచుట్టకు) ఎంత పవరివ్వాలన్నది లోపలున్న ఒంటిని బట్టి మారుతుంది. భారీ మనిషికి ఎక్కువ పడుతుంది. అందుకే పవరు పెంచుకుంటూ పోయి సిగ్నల్ చూస్తారు. 90 దగ్గర శిఖరం, 180 దగ్గర సున్నా. శిఖరం బల్లపరుపుగా ఉంటుంది కనక ఎక్కడుందో తేల్చడం కష్టం, సున్నా ఇట్టే దొరుకుతుంది.

నా ఓటు ‘పల్సు జోరు కుదర్చడం’.

— ‘మోతాదు’ అనకూడదా అండీ?

— వద్దండీ. ఆ మాట వినగానే ఎక్స్‌రే రేడియేషన్ అనుకుని హడలిపోతారు. ఎంఆర్ఐలో అది లేనే లేదని మేం రోజూ చెప్పుకోలేక చస్తున్నాం. మా టెక్నీషియన్లం మాత్రం దీనంతటినీ కలిపి ‘ప్రీస్కాన్’ అనేస్తాం.

— కుదర్చడం బావుంది. కానీ 3 టెస్లాలో పొట్ట స్కాన్ సంగతేమిటి? అక్కడ ఫ్రీక్వెన్సీ 128 దాకా వెళ్తుంది, ఒంట్లో తరంగదైర్ఘ్యం 26 సెంటీమీటర్లకు దిగుతుంది. ఒకచోట 90 అయితే ఇంకోచోట తక్కువే పడుతుంది. మొత్తానికి ఒక్క అంకె కుదరదు.

— నిజమే. అక్కడ ఒక కోణంతో ఒకటి, దానికి రెట్టింపుతో ఒకటి, రెండు బొమ్మలు తీసి, వాటి నిష్పత్తి నుంచి చోటుచోటుకీ కోణం లెక్కగడతారు. బీ1 (పల్సు క్షేత్రం) మ్యాప్ అంటారే, అదే. దాన్ని ‘జోరు పటం’ అనండి, పాఠంలో రెండూ ఒక జతగా నిలుస్తాయి.