నీరు ఎత్తిపోసినా మూడో రోజుకు గోడకు బూజు పట్టింది: ముందుగా ఏ పని చేయాలి?

ప్రశ్న (తడిగోడ):

మేము ఇంట్లో లేని రెండు రోజుల్లో పై అంతస్తులోని నీటి గొట్టం పగిలి మా పడకగదిలోకి నీరు కారుతూనే ఉంది. తిరిగి వచ్చేసరికి నేల మీద రెండు అంగుళాల నీరు నిలిచి, పరుపు అడుగుభాగం, గోడకు ఆనించిన ప్లైవుడ్ అల్మరా, దాని కింది అరలోని పుస్తకాలు, ఇంటి దస్తావేజులు నానిపోయి ఉన్నాయి. గొట్టం బాగు చేయించి, నీరంతా ఎత్తిపోసి, కిటికీలు బార్లా తెరిచి, రాత్రింబవళ్లు ఫ్యాను తిప్పాము. అయినా మూడో రోజు ఉదయం అల్మరాను జరిపి చూస్తే వెనుక గోడ మీద నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు గుంపులుగా కనిపించాయి. మరునాటికి అవి కలిసిపోయి అరచేతి వెడల్పు మచ్చలయ్యాయి. గదిలో ముక్కిపోయిన వాసన వస్తోంది.

మేముండే చోట ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కగానే ఉంటుంది. ఆరేసిన బట్టలు కూడా ఒక పట్టాన ఆరవు. మా అమ్మగారికి ఉబ్బసం ఉంది, ఆవిడ పక్క గదిలోనే పడుకుంటారు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, పొడిగుడ్డతో తుడిచి, పైన బూజు పట్టని రంగు రెండు పూతలు వేస్తే సరిపోతుందని రంగులు వేసే అతను చెబుతున్నాడు. రేపే ఆ పని మొదలుపెట్టవచ్చునా? అల్మరా, పరుపు, కాగితాలలో దేన్ని దక్కించుకోగలము?

సమాధానం (పాతకట్టడం):

రంగు పని ఆపండి. దానికంటే ముందు ఆ గదిలోని ఫ్యానును ఆపండి. తడిసిన తొలి రోజున ఫ్యాను మేలు చేసేదే గానీ, బూజు కంటికి కనిపించిన తరువాత అదే ఫ్యాను దాని సిద్ధబీజాలను, అంటే గాలిలో తేలుతూ కొత్త బూజును పుట్టించే సూక్ష్మ కణాలను, ఇల్లంతా చేరవేస్తుంది. గది తలుపు మూసి, తలుపు కింది సందును తడిగుడ్డతోనో ప్లాస్టిక్ పట్టాతోనో బిగించండి. తడిసిన గోడలో స్విచ్‌బోర్డులు ఉంటే, ఎలక్ట్రీషియన్ చూసేవరకు ఆ గదికి కరెంటు ఆపి ఉంచండి.

తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటలలోపు ఆరబెట్టగలిగితే చాలా సందర్భాలలో బూజు పుట్టదు. మీకు ఆ గడువు ఇంటికి రాకముందే దాటిపోయింది కాబట్టి మీ శ్రమలో లోపమేమీ లేదు. ఇప్పుడు చేయవలసినది బూజును చంపడం కాదు, తొలగించడం. ఈ తేడా పట్టించుకోనందువల్లే బ్లీచింగ్ మీద అంత నమ్మకం ఏర్పడింది. చచ్చిన బూజు కూడా గోడ మీదే ఉంటే అలర్జీ ఉన్నవారిని బాధపెడుతుంది. పైగా బ్లీచింగ్ ద్రావణం పైన మచ్చను తెల్లబరుస్తుంది గానీ గోడ పూతలోకి దిగిన బూజు పోగులను పూర్తిగా అందుకోదు. అది ఆవిరైపోయాక మిగిలిన నీరు గోడలోనే ఉండిపోతుంది.

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. పైకప్పు మూలల్లో వేలాడే సాలెగూళ్లనూ బూజే అంటాము, గోడకు పట్టిన ఈ శిలీంధ్రాన్నీ బూజే అంటాము. మొదటిదాన్ని చీపురుతో దులిపే అలవాటు కొద్దీ రెండోదాన్నీ పొడిగుడ్డతో దులపబోతాము. ఎండిన బూజును పొడిగా రుద్దితే అది పొడిలా లేచి గాలిలో తేలుతుంది. అందుకని ముందు సబ్బునీటిని మెల్లగా పట్టించి, మచ్చ తడిగా ఉన్నప్పుడే గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను మళ్లీ నీటిలో ముంచకుండా సంచిలో వేసి మూతి కట్టేయండి. తరువాత కొత్త గుడ్డతో డిటర్జెంటు నీటితో రుద్ది కడిగి, వెంటనే తడి లేకుండా అద్దండి. ఎన్95 మాస్కు, మోచేతుల వరకు వచ్చే రబ్బరు తొడుగులు, గాలి రంధ్రాలు లేని కళ్లద్దాలు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు ఈ పనికి చాలదు.

మచ్చలన్నీ కలిపి సుమారు 10 చదరపు అడుగులు, అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న పలక కంటే కొంచెం ఎక్కువ మేర లోపే ఉంటే ఇంట్లోవారే శుభ్రం చేసుకోవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన. అంతకు మించితే, లేదా కారినది మురుగునీరైతే, ఈ పని తెలిసినవారికే అప్పగించాలి. జిప్సమ్ బోర్డు గోడ గానీ ఫాల్స్ సీలింగ్ గానీ తడిసి ఉంటే కడగడం వృథా ప్రయాస. దానికి అతికించిన కాగితమే బూజుకు ఆహారం. నీరు బోర్డులో పైకి పాకుతుంది కాబట్టి నీటి గీతకు కనీసం ఒక అడుగు పైవరకు కోసి తీసేయించండి.

పరుపు మీద ఆశ వదులుకోండి. లోపలి దూది, ఫోము ఆరేలోగా అక్కడ ఏం పెరుగుతుందో బయట నుంచి కనిపించదు. అల్మరా ప్లైవుడ్ పొరలు విడిపోయినా, పొట్టుతో అదిమి చేసిన బోర్డు ఉబ్బినా అది తిరిగి సరికాదు. గట్టి కర్ర భాగాలను మాత్రం కడిగి, నీడలో ఆరబెట్టి వాడుకోవచ్చు. కాగితాల విషయంలో చాలామందికి తెలియని ఉపాయం ఒకటి ఉంది. వెంటనే ఆరబెట్టలేని దస్తావేజులను విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. చలి బూజును చంపదు గానీ దాని పెరుగుదలను నిలిపేస్తుంది. తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి, పుటకూ పుటకూ మధ్య అద్దుడు కాగితం పెట్టి ఆరబెట్టుకోవచ్చు. ఏదైనా పారేసే ముందు ఫొటోలు తీసి ఉంచుకోండి. బీమా ఉంటే అవే ఆధారం.

సమాధానం (గాలిలెక్క):

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూనే కిటికీల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఉక్క ప్రాంతాలలో అందరూ పొరబడేది అక్కడే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. బయట గాలిలో తేమ 80 శాతం ఉందంటే అందులో అప్పటికే 24 గ్రాముల నీరు ఉన్నట్టు. ఆ గాలి 26 డిగ్రీల గోడను తాకితే చాలు, ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. తడిసిన గోడ, అందులోనూ అల్మరా వెనుక గాలి ఆడని గోడ, గది కంటే చల్లగానే ఉంటుంది. కాబట్టి మీరు కిటికీలు తెరిచి గోడను ఆరబెడుతున్నామని అనుకున్న గంటలలో కొన్నింటిలో దానికి నీరు పట్టించి ఉంటారు. వాన కురుస్తున్నప్పుడూ, తెల్లవారుజామునా ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తేమను కొలిచే హైగ్రోమీటరు చిన్న పరికరం; ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో పెట్టి చూడండి. అయితే శాతాలను మాత్రమే పోల్చకండి, ఉష్ణోగ్రతను కూడా కలిపి చూడండి: చల్లటి గదిలో 70 శాతం కంటే వేడి ఆరుబయట 70 శాతంలో నీరు ఎక్కువ. బయట గాలి నిజంగా పొడిగా ఉన్న పూటలలోనే కిటికీలు తెరిచి, మిగిలిన వేళల్లో తలుపులు, కిటికీలు మూసి డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగేసే యంత్రం) నడపండి. తలుపు తెరిచి దాన్ని నడిపితే ఊరి గాలినంతా ఆరబెట్టే పని నెత్తిన వేసుకున్నట్టే. గదిలో తేమ 60 శాతం లోపు, వీలైతే 50 దగ్గర నిలవాలి. ఆ యంత్రం లేకపోతే ఏసీని డ్రై మోడ్‌లో వాడవచ్చు, కానీ మచ్చలు తొలగించిన తరువాతే. బూజు ఉండగా నడిపితే ఏసీ లోపలికే సిద్ధబీజాలు చేరతాయి. గదిని మరీ చల్లబరచకండి, లేకపోతే పక్క గది వైపు గోడ చెమర్చడం మొదలవుతుంది.

సిమెంటు పూత ఉన్న ఇటుక గోడ పైకి పొడిగా కనిపించినా లోపల వారాల తరబడి తడిగానే ఉంటుంది. అందుకే రంగుకు తొందరపడవద్దు. తడిగోడ మీద రంగు వేస్తే లోపలి తేమ దాన్ని పొక్కులుగా లేపుతుంది, ఆ పొక్కుల వెనుక బూజుకు చక్కని చాటు దొరుకుతుంది. ఒక అడుగు చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. గోడ వైపు నీటి చెమట కనిపిస్తే ఇంకా ఆగాలి.

సమాధానం (ఊపిరి):

మీ అమ్మగారి గురించి ఎవరూ వివరంగా రాయలేదు. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. శుభ్రం చేసే రోజూ, ఆ మరునాడూ ఆవిడ మరో ఇంట్లో ఉండడం మంచిది. ఉబ్బసానికి పీల్చే మందు దగ్గర ఉంచుకుని, దగ్గు గానీ పిల్లికూతలు గానీ పెరిగితే ఆగకుండా వైద్యుడికి చూపించండి. రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంట్లో ఉంటే వారు కూడా ఆ గది వైపు వెళ్లకూడదు. నల్లగా ఉంది కాబట్టి విషపు బూజేమోనని పరీక్షలకు పరుగెత్తవద్దు. రంగును బట్టి జాతి తెలియదు, ఏ జాతి అయినా తొలగించే పద్ధతి అదే.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. ఎవరైనా బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలపమంటే వినకండి. మొదటిదాని నుంచి క్లోరిన్, రెండోదాని నుంచి క్లోరమిన్ వాయువులు పుడతాయి. మూసిన గదిలో అవి ప్రాణం మీదికి తెస్తాయి. కడిగిన తరువాత టైల్స్ వంటి నీరు పీల్చని చోట్ల బ్లీచింగ్ ద్రావణమే వాడదలిస్తే, సుమారు 3.8 లీటర్ల నీటికి ఒక కప్పు మించనివ్వకండి, ఆ కాసేపు కిటికీ తెరిచే ఉంచండి.

తడిగోడ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అమ్మగారిని నిన్ననే మా చెల్లెలి ఇంటికి పంపాము. మచ్చలు కొలిస్తే నాలుగు చదరపు అడుగుల లోపే ఉన్నాయి, ఈ ఉదయం చెప్పిన తీరులోనే తీసేశాము. ఒక సందేహం మిగిలింది: కిటికీ కింది గోడ మీద తెల్లటి నూగు లాంటిది లేచింది. అది కూడా బూజేనా?

పాతకట్టడం:

దాని మీద రెండు చుక్కల నీరు వేసి చూడండి. కరిగిపోతే అది గోడలోని లవణం. తేమ బయటికి వస్తూ ఉప్పును పైకి తెచ్చి వదిలింది. కరగకుండా నలిగి అంటుకుంటే బూజు. లవణమైతే గోడ ఆరాక పొడి బ్రష్షుతో దులిపేయవచ్చు. దులపదగిన తెలుపు అదొక్కటే.

తడిగోడ:

కరిగింది. ప్లాస్టిక్ ముక్క కింద మాత్రం ఇంకా చెమట పడుతోంది. రంగుల అతనికి వచ్చే నెల రమ్మని చెప్పాను.