మూడుసార్లు ఫ్యూజు పోయింది: వైరింగ్ మొత్తం మార్చాలా, తప్పు వెతకాలా?

పాతబండి_కొత్తోడు (కరీంనగర్)

అన్నలందరికీ నమస్తే. పోయిన నెల 2007 మోడల్ 150 సీసీ బండి ఒకటి కొన్నాను, ఇరవై రెండు వేలకు. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చ అటే పోతుంది. పదిహేనేళ్లు నిండాక 2022లో ఆర్సీ రెన్యువల్ అయింది, 2027 దాకా ఢోకా లేదు. ఇంజిన్ బంగారం. కరెంటు పనే తలనొప్పిగా ఉంది.

ఒకటి, నెలలో మూడుసార్లు ఫ్యూజు పోయింది. మొన్న పెట్రోల్ బంకులో వెనక్కి తిప్పుకుంటుంటే ఉన్నట్టుండి బండి మొత్తం చచ్చిపోయింది. రెండు, మూడు రోజులు వాడకుండా ఉంచితే సెల్ఫ్ తిరగదు, కిక్ కొడితేనే స్టార్ట్. బ్యాటరీకి నాలుగు నెలలే, పాత ఓనర్ బిల్లు కూడా ఇచ్చాడు. కెపాసిటీ 9 ఏహెచ్ (ఆంపియర్-అవర్).

మెకానిక్ సీటు ఎత్తి చూసి, "వైరింగ్ ముసలిదైపోయింది, కిట్ మొత్తం మార్చాలి, కూలీతో కలిపి 3,800" అన్నాడు. ఏ వైరూ ముట్టుకోలేదు, మీటరు పెట్టలేదు. ఇరవై రెండు వేల బండికి నాలుగు వేలు పెట్టాలా? మీరైతే ఏం చేస్తారు?

భద్రాద్రి_రైడర్ (పాల్వంచ)

మార్చెయ్ తమ్ముడూ. ఆలోచించకు.

నాదీ అలాంటి బండే. రెండేళ్లు అతుకులు వేసుకుంటూ తిరిగాను. ఒక రాత్రి భద్రాచలం నుంచి వస్తుంటే అడవి మధ్యలో హెడ్‌లైట్, ఇంజిన్ ఒకేసారి ఆగిపోయాయి. వెనక లారీ ఉంది. ఆ లారీ డ్రైవర్ దేవుడు కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను. మర్నాడే హైదరాబాద్ పుత్లీబౌలి వెళ్లి కిట్ తెచ్చి వేయించాను. నాలుగేళ్లయింది, ఒక్క ఫ్యూజు పోలేదు. పద్దెనిమిదేళ్ల వైరును నమ్మి రాత్రి ప్రయాణం చేయలేం.

మల్టీమీటర్ (కాకినాడ)

రైడర్ గారి భయం అర్థమైంది. కానీ చెప్పిన వైద్యం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంది.

ఇక్కడ జబ్బులు రెండు. ఫ్యూజు ఎగిరిపోవాలంటే పది, పదిహేను ఆంపియర్లు దాటి ఒక్కసారిగా పారాలి. మూడు రోజుల్లో బ్యాటరీ దిగిపోవడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు, నిదానంగా. ఒకటి చెరువు కట్ట తెగడం, ఇంకొకటి కుండ కారడం. రెండింటినీ కలిపి చూసినందుకే "మొత్తం మార్చాలి" అనే మాట వచ్చింది.

ముందు మూడు వందల రూపాయల మీటరు ఒకటి కొనుక్కోండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున బ్యాటరీ మీద చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కన్నా తక్కువ ఉంటే దాదాపు ఖాళీ. తరువాత ఇంజిన్ నడుపుతూ కొంచెం రేజ్ చేసి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య వస్తే చార్జింగ్ బాగున్నట్టే. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని ఉడకబెడుతుంది.

ఆ తరువాత దొంగ కరెంటు. మా ఐటీఐ పిల్లలకు ఈ పేరుతోనే చెబుతాను. తాళం ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకొకటి ఊడదీసిన వైరు మీద పెట్టండి. మీ కాలం బండిలో సున్నా గానీ, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు గానీ రావాలి. అంతకు మించితే, తాళం తీసినా ఏదో తింటోందన్నమాట. ఈ పరీక్ష మధ్యలో తాళం తిప్పకండి, సెల్ఫ్ అసలే నొక్కకండి, మీటరు పాడవుతుంది.

అంకె ఎంతో ఇక్కడ రాయండి. అప్పటిదాకా 3,800 జేబులోనే ఉంచండి.

భద్రాద్రి_రైడర్

బ్రో, ఎలుక సామెత బాగుంది. కానీ ఇంటికి అప్పటికే చెదలు పట్టి ఉంటే? నాకు కిట్ మార్చాకే బాగైంది. అంతకన్నా రుజువేం కావాలి?

మల్టీమీటర్

నేను బ్రో కాదండీ, పర్లేదు.

కిట్ మార్చేటప్పుడు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ట్యాంకు దించుతారు, వైర్లను కలిపే ప్రతి కప్లరూ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కుతారు, ఫ్రేము మీద ఎర్త్ నట్టు విప్పి బిగిస్తారు. చిలుము పట్టిన పిన్నులు పాత కిట్‌తో పాటే పోతాయి. మీ బండిని బాగుచేసింది కొత్త రాగి తీగా, బిగించిన ఎర్త్ నట్టా? వెతకలేదు కాబట్టి అది మీకూ తెలియదు, నాకూ తెలియదు. బయట దొరికే కిట్లు అన్నీ ఒకలా ఉండవు కూడా. కొన్నిటిలో తీగ సన్నం, కొన్నిటిలో రంగులు పాతవాటితో కలవవు. రేపు ఇంకో సమస్య వస్తే వైరింగ్ బొమ్మ చేతిలో ఉన్నా పనికిరాదు.

స్పానర్_పదీపన్నెండు (విజయవాడ)

మేడమ్ చెప్పింది తప్పని అనను. పంతొమ్మిదేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, నా వైపు మాట కూడా వినండి.

కస్టమర్‌కు కొత్త కిట్ కవర్‌లో చూపించి, పాతది చేతిలో పెడితే నాలుగు వేలు మారు మాట్లాడకుండా ఇస్తాడు. అదే నేను మూడు గంటలు కూర్చుని, జానెడు వైరు మార్చి, ఐదొందలు అడిగితే "దీనికా?" అంటాడు. చేసిన పనికి డబ్బులిచ్చేవాళ్లున్నారు గానీ వెతికినందుకు ఇచ్చేవాళ్లు లేరు. పైగా వారం తరువాత ఇంకోచోట ఇంకో వైరు పోయినా, "మొన్ననేగా చేశావు" అని నా మీదికే వస్తాడు. అందుకే మావాళ్లు కిట్ మార్చమంటారు. అందరూ దొంగలు కాదు.

కిట్ తప్పనిసరి అయిన బండ్లూ ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బండ్లు నా షెడ్డుకు వరసగా వచ్చాయి. కప్లర్ల నిండా ఒండ్రు. వైరు చివర కోసి చూస్తే లోపలి రాగి నల్లగా, ఇంకో నాలుగంగుళాలు వెనక్కి కోసినా నలుపే. అలాంటివాటికి మీటరు పెట్టడం దండగ. తొడుగు వంచితే పెళుసుగా పగిలినా, మెయిన్ ఎర్ర వైరు పక్క వైర్లతో కలిసి కరిగిపోయినా మార్చాల్సిందే. తమ్ముడూ, నీ బండి ఆ స్థితిలో ఉందా? ట్యాంకు కింద ఒక వైరును వేలి చుట్టూ చుట్టి చూడు. మెత్తగా తిరిగితే ప్రాణం ఉన్నట్టే.

ఇంకొకటి. ప్రస్తుతం ఫ్యూజు ఎంతది వేసి ఉంది?

పాతబండి_కొత్తోడు

వైరు మెత్తగానే ఉందన్నా. ఫ్యూజు సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. చివరిసారి బంకు దగ్గర పాన్ డబ్బా అన్న సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఇచ్చాడు, అదే ఉంది.

స్పానర్_పదీపన్నెండు

ఇప్పుడే తీసెయ్. ఫోన్ పక్కన పెట్టి వెళ్లి తీసెయ్. ఈసారి షార్ట్ అయితే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది, దాని పైనే పెట్రోల్ ట్యాంకు ఉంది.

మల్టీమీటర్

ఈ ఒక్క విషయంలో చర్చే లేదు.

పాతబండి_కొత్తోడు

తీసేశాను. రాసి ఉన్న ప్రకారం 15 ఆంపియర్ల ఫ్యూజు వేశాను.

మీటరు కూడా కొన్నా. పొద్దున బ్యాటరీ 12.2. రేజ్ చేస్తే 14.1. తాళం తీసి దొంగ కరెంటు చూస్తే 0.09 వచ్చింది. ఇది తక్కువే కదా?

మల్టీమీటర్

తక్కువ కాదు. 0.09 ఆంపియర్, మూడు రోజులంటే 72 గంటలు. గుణించండి, ఆరున్నర ఏహెచ్ దాకా పోయింది. ఉన్నదే తొమ్మిది. సెల్ఫ్ ఎందుకు తిరగడం లేదో లెక్క కుదిరింది.

ఇప్పుడు మీటరు అలాగే ఉంచి, అదనంగా పెట్టించిన సామాన్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఫోన్ చార్జర్, అలారం, ప్రెషర్ హారన్, ఏదున్నా సరే. ఆఖరున రెక్టిఫైయర్ కప్లర్, అంటే ఇంజిన్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి పంపే పెట్టెది. ఏది తీస్తే అంకె పడిపోతుందో అదే దొంగ.

గోలి_సోడా (నెల్లూరు)

14.1 వస్తోంది కదా, రెక్టిఫైయర్ పర్ఫెక్ట్. దాని జోలికి ఎందుకు?

మల్టీమీటర్

బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ లీకైతే ఏమవుతుంది? మోటారు నడిచినంతసేపు నీళ్లు బాగానే వస్తాయి. ఆపగానే పైపులో నీళ్లు నెమ్మదిగా బావిలోకి జారిపోతాయి. రెక్టిఫైయర్‌లో డయోడు కూడా అలాంటి వాల్వే. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీకి పంపుతుంది, ఆగాక వెనక్కి రానివ్వకూడదు. అది లీకైనా చార్జింగ్ అంకె బాగానే కనిపించవచ్చు.

పాతబండి_కొత్తోడు

అక్కా, దండం. హెడ్‌లైట్ వెనక పాత ఓనర్ పెట్టించిన ఫోన్ చార్జర్ తీశాను, 0.09 కాస్తా 0.08 అయింది. పక్క కవర్ లోపల రెక్టిఫైయర్ కప్లర్ లాగాను. 0.00. మళ్లీ పెట్టాను, 0.08. నాలుగుసార్లు పెట్టి తీసి చూశాను, నమ్మకం కుదరక.

కొత్త రెక్టిఫైయర్ 650 అయింది. చార్జర్‌ను తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకు మార్పించాను. ఇప్పుడు తాళం తీస్తే సున్నా.

భద్రాద్రి_రైడర్

సంతోషం. కానీ ఫ్యూజు? తమ్ముడిని రోడ్డు మీద ఆపింది అదే కదా. బ్యాటరీ దిగితే కిక్ ఉంది. ఫ్యూజు పోతే కిక్ కొట్టినా కదలదు. అప్పుడప్పుడూ వచ్చే షార్ట్‌ను మీటరుతో పట్టుకోలేరు. మీరు చూసేటప్పుడు అది ఉండదు.

మల్టీమీటర్

మీటరుతో కష్టమే, ఒప్పుకుంటాను. స్పానర్ గారూ, బల్బు పద్ధతి మీరే చెప్పండి, మీ చేతికి బాగా అలవాటై ఉంటుంది.

స్పానర్_పదీపన్నెండు

పాత హెడ్‌లైట్ బల్బు తీసుకో, 35 వాట్లది. దానికి రెండు వైర్లు కట్టి, ఫ్యూజు తీసేసి అది కూర్చునే రెండు పళ్ల మధ్య పెట్టు. తాళం ఆన్ చెయ్. లైటు, ఇండికేటర్ ఆఫ్‌లో ఉండాలి, బ్రేకు తొక్కకూడదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ స్విచ్చే ఉండదు, నీది పాతది కాబట్టి ఉంటుంది, అదృష్టం. బల్బు వెలగదు, లేదా మినుకుమంటుంది. ఎక్కడ షార్ట్ అయితే అక్కడ ఫుల్లుగా వెలుగుతుంది. మూడు ఆంపియర్లకు మించి పోదు కాబట్టి వైరు కాలదు, ఎంతసేపైనా వెతుక్కో.

వైరింగ్ కట్టను ఒక్కో చోట కదుపుతూ పో. సీటు కింద, వెనక మడ్‌గార్డు లోపల, ట్యాంకు కింద క్లిప్పుల దగ్గర. కానీ నువ్వు మొదట్లోనే ఒక మాట రాశావు, బంకులో బండి తిప్పుకుంటుంటే చచ్చిందని. నేనైతే ముందు హ్యాండిల్ తిప్పి చూస్తా.

పాతబండి_కొత్తోడు

అన్నా, హ్యాండిల్ ఎడమవైపు చివరిదాకా తిప్పగానే బల్బు భగ్గుమంది. నిటారుగా పెడితే ఆరిపోయింది. మా తమ్ముడు తిప్పుతుంటే నేను చూస్తూ కూర్చున్నా, ఆటలా ఉంది.

స్టీరింగ్ మెడ దగ్గర కట్ట ఫ్రేముకు రాసుకుని టేపు అరిగిపోయింది. లోపల ఒక వైరు తొడుగు గోరంత మేర పోయి రాగి మెరుస్తోంది. హారన్‌ది అనుకుంటా. మా వీధి చివరి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తోసుకెళ్లాను. ఆ ముక్క కోసి కొత్త వైరు అతికి, సోల్డర్ చేసి, గొట్టం తొడిగి, కట్టను కాస్త వదులుగా మళ్లీ కట్టాడు. వంద అడిగాడు. స్పానర్ అన్న మాట గుర్తొచ్చి మూడొందలిచ్చాను. అనుమానంగా చూశాడు.

స్పానర్_పదీపన్నెండు

మూడొందలా! వచ్చే జన్మలో కరీంనగర్‌లో షెడ్డు పెడతా.

భద్రాద్రి_రైడర్

ఈసారికి మీరే గెలిచారు. కానీ నా మాట వెనక్కి తీసుకోను. అక్కడ టేపు అరిగిందంటే ట్యాంకు కింద కూడా అరుగుతూ ఉంటుంది. ఈ వానాకాలం దాటాక ఎన్ని ఫ్యూజులు పోయాయో ఇక్కడే రాయి తమ్ముడూ.

మల్టీమీటర్

అది న్యాయమైన మాటే. ట్యాంకు ఎలాగూ దించే రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు కట్ట మొత్తం చేత్తో తడిమి చూడండి. ఎర్త్ నట్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

పాతబండి_కొత్తోడు

రాస్తాను అన్నా. అన్నట్టు, నిన్నటి నుంచి ఎడమ ఇండికేటర్ ఒక్కటే గబగబా కొట్టుకుంటోంది. ఇది కూడా వైరింగేనా?

స్పానర్_పదీపన్నెండు

బండి వెనక్కి వెళ్లి చూడు. బల్బు ఒకటి పోయి ఉంటుంది.