సమస్య: "నల్లపొగయె మేలు తెల్లకన్న"

ఇది ఆటవెలది నాలుగో పాదం. నల్ల–తెల్ల ప్రాసయతి (రెండో అక్షరం కలవడంతో చెల్లే యతి) కుదిరింది కాబట్టి పై మూడు పాదాలు రాస్తే చాలు. పూరణ డీజిల్ ఇంజను పొగ మీదే ఉండాలి.

గాజువాక లారీ మెకానిక్:

ఫిల్టరడ్డుపడినఁ బీల్చలే దింజను
గాలి, డీజిలంత కాలకుండు
దాని మార్చినంత తగ్గును పొగమసి
నల్లపొగయె మేలు తెల్లకన్న

నిర్వాహకుడు: మెకానిక్ గారూ, విషయం గట్టిది. గాలి చాలకపోయినా, ఇంజెక్టరు డీజిల్ ఎక్కువ పోసినా, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో పైపు లీకైనా మసే వస్తుంది. పాత లారీ లోడుతో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కొంత నలుపు తప్పదు కూడా. కానీ మూడో పాదంలో "దాని" అంటే డీజిలా, ఎయిర్ ఫిల్టరా? "ఫిల్టరొకటి మార్చఁ బెనుపొగ తగ్గును" అని చూడండి. యతికీ ఇబ్బంది లేదు.

ఫిషింగ్ హార్బర్ సభ్యుడు:

హెడ్డు గాస్కెటు చెడి యింజను లోనికి
నీరు చొచ్చి మరిగి నింగి కెగయు
కడలి నడుమ నాగి కదలదు బోటింక
నల్లపొగయె మేలు తెల్లకన్న

గాజువాక లారీ మెకానిక్: చాలా బాగుంది తమ్ముడూ, మూడో పాదం చదివితే నిజంగా టెన్షన్ వచ్చింది. ఒక్క మాట. తెల్లపొగంతా నీరే అనుకోవద్దు. కళ్లు మండి, పచ్చి డీజిల్ వాసన కొడితే టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) ఆలస్యమో, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) తక్కువో అయి ఉంటుంది. నీరే అయితే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీరు) తగ్గుతూ పోతుంది, ఒక్కోసారి ఆయిల్ పాల టీ రంగుకు మారుతుంది. అప్పుడు మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నిలిచిన నీరు పిస్టన్ నొక్కినా అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ఫిల్టర్ ఖర్చుతో పోయేది కాదిది.

సీతమ్మధార తెలుగు టీచరు:

అరకు చలినిఁ దెల్ల యావిరి నిముషాన
తొలగు, నీలి పొగయె తొలగఁబోదు
రింగులరిగి నూనె లెక్కలేక తరుగ
నల్లపొగయె మేలు తెల్లకన్న?

నిర్వాహకుడు: చివర ప్రశ్నార్థకం పెట్టి సమస్యను తిప్పేశారు మేడమ్. పూర్వం నుంచీ ఉన్న పద్ధతే, నాకు నచ్చింది. "నూనె" అన్నచోట డీజిలా, ఇంజన్ ఆయిలా అనే సందేహం మాత్రం మిగిలింది.

గాజువాక లారీ మెకానిక్: నీలిపొగ అంటే ఆయిలేనండీ, మాకు సందేహం రాదు. నాకు పట్టింపు "తొలగఁబోదు" దగ్గర. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలిపొగ వచ్చి, కాసేపటికి పోతే అది చాలాసార్లు వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపేవి) తప్పే. మీరు పిస్టన్ రింగులన్నారు కాబట్టి పద్యం నిలబడింది. బండి మీద మాత్రం ముందు కంప్రెషన్ చూపించాలి, ఆ తర్వాతే ఇంజను విప్పించాలి.